కంప్యూటరు వేగపరీక్షలలో కాష్ ప్రక్షాళనము: ఒక విమర్శ

వేగమును కొలుచుటకు గడియారమొక్కటే చాలునని పలువురి తలంపు. కాని ఒకే యంత్రముపై, ఒకే దత్తాంశముతో, ఒకే ప్రోగ్రామును రెండుమార్లు నడిపినచో మొదటిమారు పట్టిన కాలము రెండవమారు పట్టకపోవచ్చును. ఈ భేదమునకు ముఖ్యకారణములలో నొకటి ప్రాసెసరు చెంతనుండు కాష్ అను చిన్న స్మృతి. దానిని ఖాళీచేసి కొలువవలెనా, నిండియుండగా కొలువవలెనా యనునది విచారణీయము.

బెంగుళూరు కాటన్‌పేటలో ఒక బట్టల దుకాణమును ఊహింపుడు. కొనువాడడిగిన గుడ్డతానును మొదటి గుమాస్తా గోదామునుండి తెచ్చి బల్లపై పరచెను. మరుక్షణమున రెండవ గుమాస్తా అదే తానును బల్లమీదనే చూపెను. ఇంతమాత్రమున రెండవవాడు చురుకైనవాడని జీతము పెంచుట న్యాయమా? రెండు ప్రోగ్రాములను వరుసగా నడిపి, వెనుకదానిని మెచ్చుకొను పరీక్షకులు చేయుచున్నది ఇదియే.

ఈ బల్లవంటి స్మృతిని గూర్చి మారిస్ విల్క్స్ 1965లో ఒక వ్యాసము ప్రకటించెను. 1968లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రమున అది వాణిజ్యరూపము దాల్చెను. నేడు కాష్ పలు అంతరువులుగా నున్నది. మొదటి అంతరువునుండి దత్తాంశము కొలది గడియారపు అదురులలో అందును; ప్రధానస్మృతినుండి వచ్చుటకు వందలకొలది అదురులు పట్టవచ్చును.

ఖాళీచేయు మార్గములు ముఖ్యముగా మూడు. ఇంటెల్ 80486తో 1989లో వచ్చిన డబ్ల్యుబిన్‌విడి ఆజ్ఞ, మారిన దత్తాంశమును ప్రధానస్మృతికి వ్రాసి, కాష్‌ను పూర్తిగా రద్దుచేయును. దాని నుపయోగించు అధికారము నిర్వాహక వ్యవస్థదే. 2000లో పెంటియమ్ 4తో వచ్చిన సిఎల్‌ఫ్లష్ ఆజ్ఞ ఒక్కొక్క వరుసను మాత్రమే తొలగించును. దానిని సామాన్య ప్రోగ్రామును వాడవచ్చును. మూడవది, కాష్‌కన్న పెద్దదైన దత్తాంశమును చదివి పాతదానిని వెడలగొట్టుట. ఇది సులభమే గాని నిశ్చయము కాదు. ఏ వరుస వెడలునో నిర్ణయించునది యంత్రమే. లినక్స్‌లోని డ్రాప్‌క్యాషెస్ అను సదుపాయము వీనిలో చేరదు. అది ప్రధానస్మృతిలో దాచిన ఫైళ్ల ప్రతులను విడిచిపెట్టునే గాని, ప్రాసెసరు కాష్‌ను ప్రక్షాళించుటకు ఏర్పడినది కాదు. ఈ రెంటిని ఒకటిగా భావించుట తరచుగా కనబడు దోషము.

ప్రక్షాళనముచే ఫలితములు నిలకడ చెందును. కాని నిలకడ వేరు, సత్యము వేరు. తప్పు త్రాసు కూడ ప్రతిమారు ఒకే తూకము చూపవచ్చును. నిత్యము వేడి కాష్‌తో పనిచేయు ఉపప్రోగ్రామును చల్లని కాష్‌తో కొలిచినచో, వచ్చిన సంఖ్య దాని నిజజీవితమును తెలుపదు. వేలీ, కాస్టాల్డోలు 2008లో ప్రకటించిన పరిశోధన యందలి సారము కూడ సందర్భమునకు తగినట్లు కొలువవలెననియే. మఱియు కాష్ ఖాళీయైనంతమాత్రమున సర్వము శుద్ధికాదు. చిరునామాల పట్టిక, శాఖల నూహించు యంత్రాంగము, వేడినిబట్టి మారు గడియారపు వేగము మిగిలియే యుండును.

1984 నాటి డ్రైస్టోన్ పరీక్ష చిన్నది, కాష్‌లో నిమిడిపోవును. వేలమార్లు తిరుగు అట్టి పరీక్షకు ముందు ఒక్కమారు ప్రక్షాళనము చేసినను, తొలి ఆవృత్తితోనే దాని ప్రభావము ముగియును. స్ట్రీమ్ పరీక్ష వేరుదారి పట్టినది. అందలి ఒక్కొక్క దత్తాంశశ్రేణి కడపటి అంతరువు కాష్‌ల మొత్తమునకు కనీసము నాలుగింతలుండవలెనని దాని నియమము.

ఈ చర్చ పండితుల వినోదము కాదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో నెలకొల్పిన పరమ్ ప్రవేగ సామర్థ్యము 3.3 పెటాఫ్లాపులని ప్రకటింపబడినది. అట్టి యంత్రములు ప్రజాధనముతో వచ్చును. వానిపై ఏ ప్రోగ్రామును నడుపవలెనో నిర్ణయించునది ఇట్టి కొలతలే. కొలత చెడినచో మేలైన ప్రోగ్రాము మూలపడును, ధనము వ్యర్థమగును.

కావున చల్లని కాష్‌తోను, వేడి కాష్‌తోను వేర్వేరుగా కొలువవలెను. పోటీ ప్రోగ్రాముల వరుసను మార్చుచు పలుమార్లు నడుపవలెను. నడిమి విలువతోపాటు హెచ్చుతగ్గులను గూడ ప్రకటింపవలెను. ఏ స్థితిలో కొలిచిరో చెప్పని సంఖ్య, ఎంత సూక్ష్మమైనను, ప్రమాణము కాజాలదు.