బోను ముందు నిలబడిన కవి

పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న జార్దాఁ దే ప్లాంత్ ఉద్యానవనంలో 1794లో జంతు ప్రదర్శనశాల మొదలైంది. 1902లో రైనర్ మరియా రిల్కే అనే, జర్మన్ భాషలో రాసే యువ కవి, శిల్పి రోదాన్ మీద పుస్తకం రాసేందుకు ఆ నగరానికి వచ్చాడు. మనసులో ఉబికే భావాన్ని కవితగా మలచడం అతనికి అప్పటికే వచ్చు. ఎదురుగా ఉన్నదాన్ని ఓపిగ్గా చూసి, చూసినదాన్ని చెక్కినట్టు రాయడం మాత్రం రోదాన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ సాధనలో, ఆ జూలోని చిరుతను చూసి రాసిందే ‘చిరుత’ కవిత. బోనులోని అడవి జంతువు గురించి కవిత ఎలా రాయవచ్చో ఈ పన్నెండు పాదాలు ఎందరికో దారి చూపించాయి.

శీర్షికలో తప్ప చిరుత అన్న మాట కవితలో ఎక్కడా లేదు. ‘అయ్యో పాపం’ అనే మాట అసలే లేదు. మొదటి నాలుగు పాదాల్లోనే ఊచల ప్రస్తావన మూడుసార్లు వస్తుంది. నడుస్తున్నది చిరుతే అయినా, దాని కళ్లకు ఊచలే కదిలిపోతున్నట్టు ఉంటుంది. చూసి చూసి అలిసిన కంటికి ఊచల అవతల లోకమే లేదు. రెండో చరణమంతా నడక: మెత్తగా పడే బలమైన అడుగులు ఇరుకైన వలయంలో తిరుగుతూనే ఉంటాయి. మూడో చరణంలో ఎప్పుడో ఒకసారి కంటిపాప తెరుచుకుంటుంది. ఒక దృశ్యం లోపలికి వెళ్లి, బిగుసుకుని ఉన్న ఒంటి గుండా సాగి, గుండె దగ్గర లేకుండా పోతుంది. ఆ చివరి పాదం మిగతావాటికన్నా పొట్టిది. గణాలు చూసుకుంటూ పద్యం చదివే అలవాటున్న తెలుగువాళ్లు, జర్మన్ రాకపోయినా, ఎవరైనా పైకి చదివితే ఆ తెగిపోవడాన్ని చెవితోనే పట్టుకోగలరు.

ఇంగ్లిష్ కవి టెడ్ హ్యూస్ చూసింది వేరు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన లండన్ జూలో గిన్నెలు కడిగే పని చేశాడు. 1957లో వచ్చిన తొలి సంపుటి ‘ది హాక్ ఇన్ ది రెయిన్’లో ఆయన ‘జాగ్వార్’ కవిత ఉంది. కోతులు ఆవులిస్తుంటాయి, చిలకలు అరుస్తుంటాయి, పులీ సింహమూ కదలకుండా పడి ఉంటాయి, కొండచిలువ చుట్ట రాయిలా ఉంటుంది. ఇంత మందకొడితనాన్ని వరసగా పేర్చి, జనాన్ని ఒక్కసారిగా జాగ్వార్ బోను దగ్గరికి పరిగెత్తిస్తాడు కవి. ఆ జంతువు దృష్టిలో అసలు బోనే లేదు. దాని అడుగు కింద భూమి దొర్లుతుంది. వాక్యాలు కూడా పాదం చివర ఆగవు. తర్వాతి పాదంలోకి, తర్వాతి చరణంలోకి ఉరుకుతాయి. జంతువు దాటలేని హద్దును వాక్యం దాటేస్తుంది.

రిల్కే చిరుతలో బోను లోపలికి ఇంకిపోయింది. హ్యూస్ జాగ్వార్‌కు బోను అంటనే లేదు.

మూడో పద్ధతి మన పిల్లలకు తెలిసిందే. వేల్స్ కవి లెస్లీ నోరిస్ రాసిన ‘ఎ టైగర్ ఇన్ ది జూ’ సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో ఉంది. మొదటి చరణంలో బోను, తర్వాతి రెండింటిలో పులి ఉండాల్సిన అడవి, ఆ వెంటనే మళ్లీ కాంక్రీటు గది. పొడవాటి గడ్డి, నీళ్లకు వచ్చే దుప్పులు, అడవి అంచున ఉన్న ఊళ్లు, అన్నీ రెండు బోనుల మధ్య ఇరుక్కుపోతాయి. కవిత కట్టడమే పులి పరిస్థితిని చెబుతుంది.

పంజరంలోని ప్రాణిని మనిషికి ప్రతీకగా చేసే సంప్రదాయం మరొకటి ఉంది. నల్లజాతి అమెరికన్ కవి పాల్ లారెన్స్ డన్‌బర్ 1899లో అచ్చయిన ‘సింపథీ’లో పంజరపు పక్షి చేత తన జాతి వేదనను పలికించాడు. రచయిత్రి మాయా ఏంజెలో 1969లో ప్రచురించిన ఆత్మకథకు పేరు ఆ కవిత నుంచే వచ్చింది. అక్కడ పక్షి మనిషి కోసం పాడుతుంది. రిల్కే, హ్యూస్, నోరిస్ మాత్రం జంతువును జంతువుగానే ఉండనిచ్చారు. వీళ్ల కవితల విలువ ఎక్కువగా అక్కడే ఉంది.

ఆ చూపు ఎంత నిక్కచ్చిదో తర్వాత విజ్ఞానశాస్త్రమూ చూపించింది. అడవిలో చాలా దూరాలు తిరిగే మాంసాహార జంతువులే బోనుల్లో ఎక్కువగా అదే పనిగా పచార్లు చేస్తాయని పరిశోధకులు రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో ‘నేచర్’ పత్రికలో రాశారు. రిల్కే అంతకు నూరేళ్ల ముందు కవితలో పట్టుకున్నది ఆ పచార్లనే. ఆ కవిత ఉన్న ‘కొత్త కవితలు’ సంపుటి వచ్చిన 1907లోనే జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ జర్మనీలోని హాంబర్గ్ దగ్గర ఊచలకు బదులు కందకాలు తవ్వించి కొత్త జూ తెరిచాడు. 1963లో ప్రారంభమైన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ కందకాల ఆవరణలు కనిపిస్తాయి. ఊచలు కంటికి అడ్డు రావు, నిజమే. అయినా జంతువు తిరిగే చోటుకు హద్దు ఉంది కాబట్టి ఆ కవితలు అడిగిన ప్రశ్న అలాగే ఉంది.

నోరిస్ కవితను బడిలో ప్రశ్న-జవాబుగా ముగించడం అన్యాయం. హైదరాబాద్, విశాఖ, తిరుపతి మూడు చోట్లా జూలు ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి ఒక్క జంతువు ముందు అరగంట కూర్చోబెట్టవచ్చు. ‘పాపం’ అన్న మాట వాడకుండా, అది ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది, తల ఎంత ఎత్తులో పెట్టుకుంది, దేన్ని చూసి చెవులు నిక్కించింది అన్నవి రాసుకొమ్మనవచ్చు. రిల్కే పారిస్‌లో చేసిన సాధన అదే. పదో తరగతి విద్యార్థికి కూడా అది అందని పనేమీ కాదు.