వంకర పాయసం

గోయంకా విపస్సన ప్రవచనాల్ని ధ్యానం గురించి కాకుండా కథనంగా చూస్తే ఎలా ఉంటాయి? శిబిరంలో పది రోజులూ పుస్తకం, పెన్ను, ఫోన్ ఉండవు. పదో రోజు పొద్దుటి దాకా మాటలూ ఉండవు. సాయంత్రం రికార్డులో వినిపించే ఆ గంటంపావు కోసం నేను చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి.

మంచి కథకుడాయన. 1924లో మాండలేలో పుట్టిన వ్యాపారి. మైగ్రేన్ తగ్గుతుందేమోనని ఊ బా ఖిన్ దగ్గర చేరి, 1969లో ఈ సాధనను ఇండియాకు తెచ్చారు. మన సాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్త 1976 నాటిది.

ఆయన చెప్పే పాయసం కథ చూడండి. పుట్టుకతో చూపులేని పిల్లాడు పాయసం ఎలా ఉంటుందని అడుగుతాడు. తెల్లగా. తెలుపంటే? కొంగలా. కొంగంటే? స్నేహితుడు తన చేతిని కొంగలా వంచి తడిమిస్తాడు. అమ్మో, పాయసం ఇంత వంకరగా ఉంటుందా! హిందీలో 'టేఢీ ఖీర్' అంటే కొరుకుడుపడని పని. కథ మొత్తం ఆ జాతీయం మీదే నిలబడింది. తెలుగులోకొచ్చేసరికి పాయసం మిగిలింది, జాతీయం జారిపోయింది.

అంతకంటే పెద్ద చిక్కు 'ధర్మం'తో. ఆయనకది ప్రకృతి నియమం, ఏ మతానికీ చెందనిది. ధమ్మ అన్నా మన చెవికి ధర్మమనే వినిపిస్తుంది. బిచ్చమడిగే గొంతులో అది దానం, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఏకంగా ఒక మతం.

ఏ మతంవాళ్ళైనా రావచ్చు. కానీ పది రోజులు పూజ, జపమాల, ప్రార్థన, ఉపవాసం పక్కన పెట్టాలి. పద్ధతులు కలిపేస్తే దేనివల్ల ఏం జరిగిందో తేలదంటారు. సబబే. నాకైతే మానడానికి పెద్దగా ఏమీ లేదు. ఓయూలో నాతో చదివిన అంబర్‌పేట్ మిత్రుడికి అవి యాభై నమాజులు. పైగా మొదటిరోజే బుద్ధ, ధమ్మ, సంఘాల శరణు వేడాలి. అవి వ్యక్తులు కాదు, గుణాలు అని వివరిస్తారు. "మీ శరణు గుణమైతే మా నమాజ్ ఒక్కటే తంతు ఎట్లయితది?" అన్నాడు వాడు. పదకొండు ప్రవచనాల్లో దీనికి సరిపడే కథ నాకు దొరకలేదు.

తార్నాకకి దగ్గర్లోనే మౌలాలి గుట్ట. ఆ మెట్లు హిందువులూ ఎక్కుతారు. ఎవరూ దేన్నీ కింద పెట్టి రమ్మనరు. అయితే మొక్కు చెప్పుకుని గంటలో దిగొస్తాం. ఒళ్ళు సలుపుతున్నా కదలకుండా కూర్చుని ఆ నొప్పిని చూడమనేవాళ్ళు అక్కడ లేరు. అందుకే నేను మళ్ళీ శిబిరానికి వెళ్తాను. వాణ్ణి మాత్రం రమ్మనను.