భగవాన్ కథ ఎవరు రాస్తారు?

1953లో వచ్చిన 'దేవదాసు' గురించి మనం తక్కువ రాసుకోలేదు. పార్వతి గురించి రాశాం, చంద్రముఖి గురించి ఇంకా ఎక్కువ రాశాం. ప్రేమించిన పిల్లను తెచ్చుకునే ధైర్యం లేని జమీందారు బిడ్డ తాగి తాగి చచ్చిపోతే అది మహా విషాదం ఎలా అయిందని నిలదీశాం కూడా. భగవాన్ దగ్గర మాత్రం ఆగలేదు. పేకేటి శివరాం వేసిన ఆ స్నేహితుడి పాత్రే దేవదాసుకి సీసానీ, చంద్రముఖి ఇంటినీ పరిచయం చేసింది. స్నేహితుడు దుర్గాపురంలో దిక్కులేని చావు చచ్చాక ఆ భగవాన్ సాయంత్రాలు ఎలా గడిచాయి? మళ్లీ గ్లాసు పట్టుకున్నాడా, పక్కన పెట్టాడా? కథకి ఆ అవసరం లేదు. మరణంతో కథ అయిపోయింది. బతికినవాడి ఇబ్బంది మన సాహిత్యానికీ సినిమాకీ వస్తువే కాలేదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కోటబొమ్మాళి ప్రాంతంలో తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని. మా పిల్లల్లో చాలామంది ఇంటర్ అవగానే చెన్నైకో, హైదరాబాదుకో, విశాఖకో పనికి పోతారు. ఒకే గదిలో ఆరుగురు ఏడుగురు ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు చేతిలో డబ్బులూ, సాయంత్రానికి సీసా. ఈమధ్య ఏజెన్సీ నుంచి దిగే గంజాయి కూడా. హైవే దగ్గర్లోనే ఉంది, బళ్లు ఉన్నాయి. ఎవడో ఒకడు పోతాడు. మర్నాటికి ఊరి మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. దాని కింద మిగిలిన స్నేహితుల ఫొటోలు వరసగా. పెద్దకర్మ నాడు ఆ మిగిలినవాళ్లంతా పోయినవాడి పేరు చెప్పి తాగుతారు. ఆ రోజు తాగనివాడికే కష్టం. 'నీకు వాడంటే ప్రేమ లేదేటి' అంటారు. తాగుడు వ్యసనం కాకముందే, మగ స్నేహానికి సాక్ష్యం.

ఈ సాక్ష్యాన్ని మొదట పట్టుకున్నది మన ఉత్తరాంధ్ర నాటకమే. 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి నేర్పిన మొదటి విద్య చుట్ట కాల్చడం. పొగాకు మహాత్మ్యం మీద పద్యం చదివి మరీ నేర్పుతాడు. గురువూ స్నేహితుడూ ఒకడే అయినప్పుడు కుర్రవాడికి తప్పించుకునే దారి లేదు. మనం నవ్వుతాం, గురజాడ నవ్విస్తాడు. సారా దుకాణం రంగంలో హెడ్డు కనిస్టీబూ బైరాగీ కూచుని వేదాంతం మాట్లాడుకుంటుంటే మరీ నవ్వుతాం. కానీ ఆ నవ్వుకి దూరంగా వెంకమ్మ ఉంది. కొడుకు ఇంగ్లీషు చదువు కోసం పుట్టింటివాళ్లు పసుపు కుంకుమకిచ్చిన భూమి అమ్మడానికైనా సిద్ధపడిన తల్లి. దుకాణంలో ఆవిడ లేదు, ఖర్చులో మాత్రం ఉంది. ఇప్పుడు భూమి బదులు పుస్తెలతాడు కుదువ పెడుతున్నారు, పాలిటెక్నిక్ ఫీజు కోసం. వెంకమ్మ వైపు నుంచి ఆ నాటకాన్ని ఎవరైనా మళ్లీ రాస్తే బాగుండును. గిరీశాన్ని ముద్దు చేసుకోవడం మనం కూడా కొంత తగ్గించుకోవచ్చు.

మానేయడం గురించి తెలుగులో బాగా నడిచిన కథ 2017 నాటి 'అర్జున్ రెడ్డి'. అర్జున్ తాగుతాడు, మత్తుమందులు వాడతాడు, ఆ స్థితిలోనే ఆపరేషన్లు చేస్తాడు, వృత్తి పోగొట్టుకుంటాడు. కాంచన వేసిన నానమ్మ పాత్ర చనిపోయాక మారతాడు. ఒక ముసలావిడ చచ్చిపోతే ఒక మగవాడు బాగుపడ్డాడు! ఆవిడ బతికి ఉండి మాట్లాడినంతకాలం చెయ్యలేని పని ఆవిడ శవం చేసింది. మానేసినందుకు బహుమతిగా ప్రీతి తిరిగి వచ్చింది, కడుపుతో సహా. మొదటి పదిహేను రోజులు మాత్రం తెర మీద లేవు. బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, కొందరికి ఫిట్సు వస్తాయి, మతి తప్పుతుంది. డాక్టరు పర్యవేక్షణ లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. గంజాయి ఆపినవాడికి చిరాకు, పీడకలలు. ఆ రాత్రులు పక్కన కూచునేది ఎవరు? తల్లో, భార్యో, అక్కో. అది సేవ కనక సినిమాకి పనికిరాదు.

ఇక్కడ సావిత్రిని తలచుకోకుండా ఉండలేను. అదే 'దేవదాసు'లో పార్వతి ఆమె. పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరులో పోయింది. తెర మీద తాగిన మగవాడు ప్రేమకు పర్యాయపదం అయ్యాడు. జీవితంలో తాగిన ఆడది ఆడపిల్లలకి చెప్పే హెచ్చరిక అయింది. 2019లో ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యం వాడేవాళ్లు మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. ఆ 1.6 శాతంలో ఒక అమ్మాయి చికిత్సకి వెళ్లాలంటే ముందు పరువు దాటాలి. ఎన్.డి.పి.ఎస్. చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. మత్తుమందుకు బానిసైన మనిషి తనంతట తాను చికిత్సకు వస్తే, కొన్ని షరతులకు లోబడి, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఊరి నోటి నుంచి రక్షించే సెక్షన్ ఏదీ లేదు.

సారా వ్యతిరేక ఉద్యమం మన గర్వం. నెల్లూరు జిల్లా అక్షరాస్యత వాచకంలో ఒక సీతమ్మ కథ చదివి 1992లో దూబగుంట ఆడవాళ్లు దుకాణం మూయించారు. ఒక పాఠం అంత పని చేసిందని సాహిత్య విద్యార్థులకి చెప్పడం నాకెంతో ఇష్టం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు దుకాణాలూ 99 రూపాయల క్వార్టరూ వచ్చాయి. నా పేచీ ఉద్యమంతో కాదు, దాని మీద మనం రాసిన సాహిత్యంతో. అందులో ఆడవాళ్లు మాట్లాడారు, బాగా మాట్లాడారు. మగవాడు మాత్రం తన్నే భర్తగా, తూలే నీడగా ఉండిపోయాడు. ఆ ఇంట్లోనే పెరుగుతున్న పదిహేడేళ్ల కొడుకు, తండ్రిలా కాకూడదనుకుంటూనే స్నేహితుల పక్కన కూచున్నవాడు, ఏ కథలోనూ నోరు విప్పలేదు. మగతనాన్ని విమర్శించాలంటే వాడి నోరు కూడా మనకి కావాలి.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు అలాంటి పేజీ ఒకటి రాశాడు. అతని అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాను. స్నేహితుడు బండి మీద పోయాడు, ఇద్దరూ తాగే ఉన్నారు, ఇతను వెనక కూచున్నాడు. ఆ తర్వాత ముట్టలేదు. అతని పేజీలో కన్నీళ్లు లేవు. అంతా సమయాలు. ఆరున్నరకి ఫోను మోగుతుంది, తియ్యడు. ఏడింటికి టీ కొట్టు, అక్కడా వాళ్లే. ఏడున్నరకి పోయినవాడి వాళ్లమ్మ దగ్గరికి వెళ్తాడు, ఆవిడ వాకిట్లో కూచుని చేటలో బియ్యం ఏరుతూ ఉంటుంది. ఇతన్ని ఏమీ అడగదు. ఇతనూ చెప్పడు. బియ్యం అయిపోయాక లేచి వస్తాడు. తరవాతి సాయంత్రం మళ్లీ అంతే.

కాలేజీ సంచికలో దాన్ని 'మత్తు రక్కసి' అని పేరు మార్చి, చివర నాలుగు సూక్తులు అతికించి వేశారు. బియ్యం వాక్యాలు తీసేశారు, 'విషయానికి సంబంధం లేదు' కనక. సాహిత్యం అన్నది ఆ వాక్యాల్లోనే ఉందని నా అభిప్రాయం. దేవదాసుకి చావు ఉంది, అర్జున్‌కి బహుమతి ఉంది. ఈ కుర్రాడికి ఉన్నవి ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఉండే గంటలు. వాటిని దాటించేది కూడా ఒక ఆడమనిషే అన్నది నేను గమనించకపోలేదు. మళ్లీ ఆడదాని మీదే భారం కదా అని అతన్నే అడిగాను. కాస్సేపు ఆలోచించాడు.

'నానేటీ అడగను మేడమ్, ఆవిడా ఏటీ ఇవ్వదు. చేటలో సగం నాను ఏరుతాను,' అన్నాడు.

ఆ సగం అతను పేజీలో రాయలేదు. ఎందుకు రాయలేదంటే, బియ్యం ఏరడం మగవాడు రాసుకునే సంగతి కాదట. సూక్తులు తీసేసి, బియ్యం తిరిగి పెట్టి, ఆ సగాన్ని కూడా కలిపి మళ్లీ రాయమని అడిగాను. రాస్తున్నాడు.