గ్రాఫు గీసే డ్రైవర్ల వేగం: పోలికల విలువ ఎంత?

గ్నూప్లాట్ సాఫ్ట్‌వేర్‌లో ఏ డ్రైవరు వేగంగా గీస్తుందో చూపే పట్టికలు మీకు తరచుగా కనిపిస్తాయి. వాటిని ఎలా చదవాలో, ఎంతవరకు నమ్మవచ్చో ఈ భాగంలో విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం.

1986లో మొదట వెలువడిన గ్నూప్లాట్‌లో పని రెండు అంచెలుగా జరుగుతుంది. ప్రధాన భాగం దత్తాంశాన్ని చదివి, అక్షాల కొలతలు నిర్ణయించి, ఎక్కడ గీత గీయాలో, ఎక్కడ అక్షరం రాయాలో ఆదేశిస్తుంది. ఆ ఆదేశాలను బొమ్మగా మార్చేది డ్రైవరు. దీనినే గ్నూప్లాట్ పరిభాషలో ‘టెర్మినల్’ అంటారు. తెరపై చూపడానికి ఎక్స్‌11, డబ్ల్యూఎక్స్‌టీ, క్యూటీ ఉన్నాయి. ఫైలుగా భద్రపరచడానికి పీఎన్‌జీ, ఎస్‌వీజీ వంటివి ఉన్నాయి.

కొలిచినది దేనిని?

ఆదేశం ఇచ్చినప్పటి నుండి పని ముగిసేవరకు పట్టిన కాలాన్నే చాలా పట్టికలు డ్రైవరు వేగంగా చూపుతాయి. ఇది సరికాదు. పది లక్షల బిందువులున్న ఫైలును చదవడానికే ఎక్కువ కాలం పడితే, డ్రైవర్ల మధ్య తేడా అందులో మరుగున పడుతుంది. ‘రీప్లాట్’ ఆదేశం ఫైలును మళ్ళీ చదువుతుంది. ‘రిఫ్రెష్’ ఆదేశం ఇదివరకే చదివిన దత్తాంశంతో గీస్తుంది. కనుక గీసే వేగాన్ని పోల్చడానికి రెండవదే తగినది.

మరొక చిక్కు ఉంది. ఎక్స్‌11, క్యూటీ డ్రైవర్లు బొమ్మను వేరొక ప్రోగ్రాముకు అప్పగిస్తాయి. తెరపై బొమ్మ పూర్తికాకముందే గ్నూప్లాట్ తరువాతి ఆదేశానికి సిద్ధం కావచ్చు. అప్పుడు గడియారం కొలిచినది అప్పగింతనే గాని, చిత్రణను కాదు.

చేసినది ఒకే పనేనా?

డబ్ల్యూఎక్స్‌టీ డ్రైవరు కైరో లైబ్రరీ సాయంతో గీతల అంచులను నునుపు చేస్తుంది. సంప్రదాయ ఎక్స్‌11 ఆ పని చేయదు. తక్కువ పని చేసినది త్వరగా ముగించిందంటే అది వేగం కాదు. బొమ్మ పరిమాణమూ ఒకటే ఉండాలి. 640×480 బొమ్మలో 3,07,200 పిక్సెళ్ళు ఉంటాయి. 1920×1080 బొమ్మలో 20,73,600, అంటే దాదాపు ఏడు రెట్లు.

ఎస్‌వీజీ విషయంలో పోలిక మరింత తప్పుదారి పట్టిస్తుంది. అది గీతలను వాక్యరూపంలో రాసిపెడుతుంది. వాటిని పిక్సెళ్ళుగా మార్చే శ్రమ ఆ ఫైలును తెరిచే బ్రౌజరుపై పడుతుంది. ఇక్కడ కాలం ఆదా కాలేదు, చేతులు మారింది.

వేగం కోసం ఏమి వదులుకుంటున్నాం?

640 పిక్సెళ్ళ వెడల్పులో పది లక్షల బిందువులు గీస్తే, ఒక్కొక్క నిలువు వరుసలో సగటున 1,562 బిందువులు పడతాయి. అన్నీ కంటికి కనిపించవు కనుక, వందకొకటి చొప్పున తీసుకుంటే చాలదా అనిపిస్తుంది. అయితే హృదయ స్పందన రేఖలోని ఒకే ఒక అసాధారణమైన ఎగుడు ఆ వదిలేసిన 99 బిందువులలో ఉండవచ్చు. గ్రాఫు త్వరగా వస్తుంది, కాని చూపవలసినది చూపదు. ప్రతి నిలువు వరుసలో గరిష్ఠ, కనిష్ఠ విలువలను ఉంచుకొంటూ తగ్గిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

అలాగని వేగం అనవసరం కాదు. త్రిపరిమాణ తలాన్ని మౌస్‌తో తిప్పేటప్పుడు ప్రతి కదలికకూ బొమ్మను మళ్ళీ గీయాలి. సెకనుకు 10 బొమ్మలు కావాలంటే ఒక్కొక్కదానికి 100 మిల్లీసెకన్లే దొరుకుతాయి. అక్కడ నెమ్మదైన డ్రైవరు పరిశీలననే ఆటంకపరుస్తుంది. నివేదికలో ఒక్కసారి ముద్రించే గ్రాఫుకు మాత్రం అర సెకను తేడా లెక్కలోకి రాదు.

సారాంశం

పట్టికలోని అంకెకు ముందు నాలుగు ప్రశ్నలు వేయండి: ఏ దశను కొలిచారు? బొమ్మ పరిమాణం, నునుపు సమానమేనా? మొదటిసారి ఫాంట్లు తెరుచుకొనే ఆలస్యాన్ని వేరుచేసి, అనేకసార్లు కొలిచి మధ్యగతం తీసుకున్నారా? వచ్చిన బొమ్మలు ఒకే సత్యాన్ని చూపుతున్నాయా? చివరి ప్రశ్నకు ‘లేదు’ అన్నది జవాబైతే మిగిలిన మూడింటితో పనిలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పది లక్షల విలువలున్న దత్తాంశంలో ఒకచోట మాత్రమే పెద్ద విలువను ఉంచండి. దానిని పూర్తిగాను, వందకొకటి చొప్పునను గీయండి. పట్టిన కాలాన్ని, కనిపించిన బొమ్మను పోల్చి, మీరు దేనిని ఎంచుకుంటారో కారణాలతో రాయండి.