పాట అందలేదు, వాక్యం వినపడలేదు

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధన మీద వచ్చే ఫిర్యాదులు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే. పాటలు రావు, మైకు మోత ఎక్కువ, వాక్యం పొడుగు, ప్రకటనలకు అంతుండదు, కానుకల మాట మాటిమాటికీ వస్తుంది. ఆశీర్వాదం అయ్యాక చెప్పులేసుకుంటూ ఒకరితో ఒకరు అనుకుంటారు, ఇంటికెళ్లి అన్నాల దగ్గర ఇంకోసారి అనుకుంటారు. అయ్యగారి ముందు మాత్రం నోరు విప్పరు. దైవసేవకుణ్ణి తప్పుబట్టినట్టవుతుందని జంకు. అందుకే పెద్దలు వీటిని గొణుగుడు కింద కొట్టేస్తారు. అది అన్యాయం. ఈ మాటల్లో చాలావరకు ఆరాధనలో తమ పాలు తమకు దక్కలేదని చెప్పేవే. ఆశ వదులుకున్నవాళ్లు ఫిర్యాదు చేయరు, రావడం మానేస్తారు.

పద్ధతిని బట్టి మారే ఫిర్యాదులూ ఉన్నాయి. తిరుచానూరు, తిరుపతి, రేణిగుంట వైపే ఆరాధన పద్ధతులు ఒకటి కాదు. 1865లో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతంలో మొదలుపెట్టిన పనే తర్వాత దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం అయింది. దాని కేంద్రం తిరుపతి. అక్కడికి పడమటి తాలూకాల్లో అమెరికా వారి ఆర్కాట్ మిషన్ పనిచేసింది. ఆ మిషన్‌కు చెందిన జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో స్థిరపడ్డారు. ఆ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశాయి. లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో ఆరాధనకు అచ్చువేసిన క్రమం ఉంటుంది. పెంతెకొస్తు మందిరాల్లో, భక్తసింగ్ గారి హెబ్రోను సహవాసాల్లో ఉండదు. అందుకని ఒకచోట ‘పుస్తకం చూసి చదివే ప్రార్థనలో జీవం లేదు’ అంటారు, ఇంకోచోట ‘ఎప్పుడు అయిపోతుందో తెలీదు’ అంటారు. ఒక సంఘంలో పెరిగిన పిల్ల ఇంకో సంఘానికి కోడలిగా వెళ్తే మొదటి ఆదివారమే ఈ తేడా తెలిసిపోతుంది.

అన్నిటికన్నా లోతైన ఫిర్యాదు పాట గురించినది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారు ఆ కీర్తనలను పల్లవి, చరణాల పద్ధతిలో కట్టారు. ఆ కట్టుబడిలోనే సంఘానికి చోటుంది. అక్షరం రాని ముసలమ్మ చరణం పాడలేకపోయినా, ప్రతి చరణం తర్వాతా తిరిగొచ్చే పల్లవిని అందుకుంటుంది. రెండో చరణానికల్లా ఆమె గొంతు కూడా సంఘం గొంతులో కలిసిపోతుంది. ఇప్పుడు చాలా మందిరాల్లో పాట స్టేజీ మీదికి చేరింది. కీబోర్డు, ప్యాడ్, ముగ్గురు నలుగురు గాయకులు, తెర మీద సాహిత్యం. పాట యూట్యూబ్‌లో విన్నది, శ్రుతి గాయకుడి గొంతుకు సరిపోయేది. పైస్థాయికి వచ్చేసరికి మగవాళ్లు కింది స్థాయికి దిగి, కాసేపటికి ఆగిపోతారు. ఆడవాళ్లు పెదవులు కదుపుతారు. ‘ఆ పాట మాకు నేర్పీకుండానే పాడతా ఉండారయ్యా’ అనే చిత్తూరు జిల్లా పెద్దామె కొత్త పాట వద్దనడం లేదు, నేర్పమంటోంది.

కుర్రవాళ్ల ఫిర్యాదూ నిజమే: కీర్తనలను సాగదీసి, ఊపిరి ఆగిపోయేలా పాడతారని. ఆ తప్పు కీర్తనది కాదు. తాళం వేసేవాడు లేక కీర్తన నీరసపడింది. ఆది తాళంలో ఉన్నదాన్ని డోలక్‌తో, రాసిన నడకలోనే పాడితే కుర్రవాళ్లూ అందుకుంటారు. ఆరాధనకు ముందు పది నిమిషాలు కొత్త పాట నేర్పడం, శ్రుతి రెండు మెట్లు దించడం, ఒక్క చరణానికైనా వాయిద్యాలు ఆపి సంఘాన్ని పాడనివ్వడం: వీటికి డబ్బు ఖర్చు లేదు.

మైకు సంగతి వేరు. మన మందిరాలు ఎక్కువగా స్లాబు కప్పు, టైల్స్ నేల, గట్టి గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది జనం తప్ప ఏదీ లేదు. ముందర రెండు పెద్ద బాక్సులు పెడితే ముందు వరుసకు చెవులు చిల్లులు పడతాయి, వెనక వరుసకు మోత వినపడుతుందిగానీ మాట తెలియదు. దానికి మిక్సర్‌లో ఎకో కలిపితే వాక్యం ముక్కలవుతుంది. గోడల పొడవునా చిన్న బాక్సులు పెట్టి, వాల్యూమ్ తగ్గించి, మాట్లాడేటప్పుడు ఎకో పూర్తిగా తీసేయాలి. ఇరుగుపొరుగు గోడు కూడా వినాల్సిందే. మద్రాసులోని ఒక చర్చి శబ్దం మీద పొరుగువాళ్లు వేసిన కేసులో, మైకులు పెట్టి, డప్పులు కొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్.

వాక్యం పొడుగు అన్న ఫిర్యాదు సంఘమంత పాతది. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చెబుతుంది. ఆ గ్రంథం ఆ యువకుణ్ణి మందలించలేదు. అయితే గంటల లెక్క ఒక్కటే కొలత కాదు. హెబ్రోను సహవాసాల్లో ఆరాధన గంటల తరబడి సాగుతుంది, తర్వాత అందరూ కలిసి ప్రేమవిందుకు కూర్చుంటారు. అక్కడికి వచ్చేవాళ్లు ఆ రోజును అందుకే కేటాయించుకుని వస్తారు. చెప్పిన వేళ దాటినచోటే కష్టం. తిరుపతిలో యాత్రికులు ఎక్కువగా వచ్చేది సెలవు రోజుల్లోనే. లాడ్జిల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లకు, ఆటోవాళ్లకు ఆదివారమే పని. ‘చివరిగా ఒక్క మాట’ అని మూడుసార్లు అన్న ప్రసంగం ముగిసేలోపు డ్యూటీకి వేళవుతుంది, ప్రభువు బల్ల అందకుండానే వాళ్లు లేచిపోతారు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం ప్రసంగం తగ్గించుకోవడం బోధకుడి బాధ్యత. కతోలిక సంఘం శనివారం సాయంత్రపు పూజను ఆదివారం పూజగానే లెక్కిస్తుంది. అలాగే పనికి వెళ్లేవాళ్ల కోసం తిరుపతి లాంటి ఊళ్లో మిగతా సంఘాలకూ తెల్లవారుజామున ఒక ఆరాధన అవసరం.

బైబిలు పాత అనువాదపు గ్రాంథికం పిల్లలకు అర్థం కాదన్నది ఇంకో ఫిర్యాదు. వాక్యభాగం చదివేవారు ముందురోజే చదువుకుని వచ్చి, విరుపు తెలిసి నిదానంగా చదివితే ఇబ్బంది చాలా తగ్గుతుంది. ప్రకటనలు కాగితం మీదో వాట్సాప్‌లోనో ఇస్తే సరిపోతుంది.

కుర్చీలు, కానుకల విషయంలో మాత్రం సర్దుబాటు చాలదు. ఆలస్యంగా వచ్చిన నాయకుడికి ముందు వరుస ఖాళీ చేయించి ముసలాయన్ను వెనక్కి పంపడం యాకోబు పత్రిక 2వ అధ్యాయం పేరుపెట్టి ఖండించిన పనే. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివితే, సువార్తలో రెండు కాసులు వేసిన విధవరాలి లాంటివారు తలదించుకుని కూర్చోవలసి వస్తుంది. చదవాల్సింది ఇచ్చినవారి పేర్లు కాదు, ఖర్చు. మందిరం కరెంటు బిల్లు, అయ్యగారి జీతం, సండే స్కూల్ పుస్తకాలు, ఆసుపత్రిలో ఉన్న సంఘస్థుడికి ఇచ్చిన సాయం నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. అడిగినవారికి కోశాధికారి రసీదులు చూపించాలి.