‘వద్దు’కు గడి ఏది?
సంభాషణ పలకల తెలుగు – పాతబస్తీ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

నోటిమాట రాని పిల్లలకోసం, మాట వచ్చినా ఇతరులకు అర్థం కాని పిల్లలకోసం వాడుకలో ఉన్న సాధనాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది అట్టమీద గళ్ళు గీసి, గడికొక బొమ్మ అతికించిన పలక. పిల్లవాడు బొమ్మను వేలితో చూపుతాడు, ఎదుటివారు దాన్ని మాటగా గ్రహిస్తారు. రెండవది అదే పలకకు టాబ్లెట్‌లోనో ఫోన్‌లోనో ఇచ్చిన రూపం. అందులో గడిని తాకితే మాట పైకి వినిపిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధోవైకల్యం ఉన్న పిల్లల విషయంలో స్పీచ్ థెరపిస్టులు ఈ రెండింటినీ వాడుతున్నారు.

వీటిపై జరిగిన చర్చ ఎక్కువగా వైద్యానికి, ప్రత్యేక విద్యకు సంబంధించినది. భాషాసాహిత్య పరిశోధన ఈ వైపు చూసింది తక్కువ. అయితే నలభై గళ్ళున్న పలక నలభై మాటల నిఘంటువు కూడా. ఏ మాట ఉండాలో, ఏది అక్కరలేదో ఎవరో నిర్ణయించిన సంకలనం అది. దాని వెనుక ఒక వ్యాకరణం ఉంది. సంకలనకర్త ఎంపికను ప్రశ్నించడం తెలుగు విమర్శకు కొత్త పనేమీ కాదు.

2011 జనగణన దేశంలో వికలాంగుల సంఖ్యను 2.68 కోట్లుగా లెక్కించింది. వారిలో వాక్‌వైకల్యం ఉన్నవారు దాదాపు 20 లక్షలు. ఆ లెక్కలో ఆటిజానికి విడిగా చోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి ఆటిజాన్ని అందులో చేర్చింది. ‘సంభాషణ’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతులను కూడా పేర్కొన్నది. కాబట్టి పలకమీది మాట చట్టం దృష్టిలోనూ మాటే. అది ఎవరి మాట అన్నది మాత్రం చట్టం తేల్చగలిగే విషయం కాదు.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి హైదరాబాద్ పాతబస్తీ తగిన చోటు. మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టుపక్కల ఇళ్ళలో పుట్టిన పిల్లవాడి చెవిన పడేది చాలావరకు దక్కనీ, పక్క గల్లీలో తెలంగాణ తెలుగు, బడిలో ఉర్దూ లేదా తెలుగు లేదా ఇంగ్లీషు. మాట వచ్చిన పిల్లలు వీటి మధ్య అలవోకగా తిరుగుతారు. మాట రాని పిల్లవాడికి ఆ తిరుగుడు పలకమీదే సాధ్యం కావాలి. మేధోవైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ, అలీ యావర్ జంగ్ వాక్‌శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం రెండూ ఇదే నగరంలో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్నాయి. నిపుణత నగరంలోనే ఉన్నది కనుక చర్చంతా పలకమీది భాష గురించే.

బొమ్మకు భాష లేదన్న నమ్మకం

బొమ్మ ఏ భాషకూ చెందదనీ, అందుకే అది అందరిదనీ ఒక నమ్మకం ఈ రంగంలో మొదటినుంచీ ఉంది. దానికి మూలపురుషుడు చార్లెస్ బ్లిస్. 1897లో నాటి ఆస్ట్రియా-హంగరీలోని చెర్నోవిట్స్‌లో పుట్టాడు. జర్మన్, రుమేనియన్, ఉక్రేనియన్, యిద్దిష్, పోలిష్ ఒకే వీధిలో వినిపించే ఊరు అది. భాషలే మనుషుల మధ్య వైరాన్ని పెంచుతున్నాయని ఆయన నమ్మాడు. నాజీల నిర్బంధ శిబిరాలనుంచి బయటపడి షాంఘై చేరినప్పుడు చీనా లిపిని చూశాడు. ఆ ప్రేరణతో ఏ భాషకూ కట్టుబడని చిహ్నలిపిని తయారుచేసి 1949లో ప్రచురించాడు. లోకం పట్టించుకోలేదు. 1971లో టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ బృందం ఆ చిహ్నాలను మాట రాని పిల్లలకు నేర్పినప్పుడే వాటికి ప్రాణం వచ్చింది. కాని ఉపాధ్యాయులు పిల్లల అవసరాన్నిబట్టి చిహ్నాలను మార్చడం, ఇంగ్లీషుకు వంతెనగా వాడడం బ్లిస్‌కు నచ్చలేదు. ఆ తగవు న్యాయవాదుల వరకూ వెళ్ళింది.

తగవులో న్యాయం పిల్లల పక్షాన ఉందనే చెప్పాలి. బ్లిస్‌కు కావలసింది భాషలకు అతీతమైన లోకం. పిల్లలకు కావలసింది ఇంట్లోవాళ్ళు మాట్లాడే భాషలోకి ప్రవేశం.

మన దేశంలో ఈ వాదం మరో రూపం తీసుకున్నది. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం విద్యాసాగర్ సంస్థ సహకారంతో ‘ఆవాజ్’ అనే సాధనాన్ని రూపొందించింది. ఆయనకు 2011లో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ యువ ఆవిష్కర్తల జాబితాలో చోటు దక్కింది. (పేరు పాతబస్తీ నోళ్ళలో రోజూ నలిగేదే కావడం కాకతాళీయం.) 2013 నాటి టెడ్ ప్రసంగంలో ఆయన ‘ఫ్రీస్పీచ్’ అనే నమూనాను వివరించాడు. పిల్లవాడు బొమ్మలను వరుసగా పేర్చనక్కరలేదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు అనే ప్రశ్నలతో వాటిని ఒకదానికొకటి కలిపితే చాలు, వాక్యాన్ని యంత్రం కడుతుంది. ఇది బ్లిస్ కంటే ఒక అడుగు ముందుకు వేసిన ఆలోచన. బొమ్మకు భాష లేకపోయినా వాక్యానికి ఉంటుందని ఇది ఒప్పుకున్నది. తెలుగులో కర్త, కర్మల సంబంధాన్ని విభక్తి చెబుతుంది, పదాల వరుస అంతగా చెప్పదు. కనుక ఈ పద్ధతి సిద్ధాంతరీత్యా తెలుగుకు ఇంగ్లీషుకంటే ఎక్కువ సరిపడేది. వాడుకలో ఎక్కువగా కనిపించేవి మాత్రం మాట తరువాత మాటను తాకే వరుస పలకలే. అసలు చిక్కు అక్కడ ఉంది.

ఒక ‘నో’, మూడు కాదనడాలు

పలకమీద ఏ మాటలుండాలన్నదానికి ఆధారం ‘మూలపదాలు’. పసిపిల్లలు తరచుగా వాడే కొద్దిపాటి మాటలివి. బనాజీ బృందం 2003లో ఇంగ్లీషు మాట్లాడే 50 మంది పసిపిల్లల మాటలనుంచి 23 మూలపదాలను గుర్తించింది. ఆ జాబితాలో ‘ఐ’, ‘వాంట్’, ‘నో’, ‘మోర్’, ‘హెల్ప్’ ఉన్నాయి. ‘ది’, ‘ఎ’, ‘ఈజ్’, ‘ఆన్’, ‘ఇన్’ కూడా ఉన్నాయి. అది ఇంగ్లీషు పిల్లల జాబితాగా నిర్దుష్టమైనది. దాన్నే అనువదించి తెలుగు పలక అనడమే దోషం. ‘ఈజ్’కు తెలుగులో గడి అక్కరలేదు, ‘ఇది బొమ్మ’ అనడానికి క్రియే లేదు. ‘ఇన్’, ‘ఆన్’ తెలుగులో నామం వెంట వచ్చి చేరేవి: డబ్బాలో, మంచంమీద. వాటికి విడిగా గడి ఇస్తే ‘లో డబ్బా’ వినిపిస్తుంది.

ఇవి చిన్న లోపాలు. పెద్దది ‘నో’ దగ్గర ఉంది. పిల్లవాడు పలకమీద నేర్చే అత్యవసరమైన మాటల్లో నిరాకరణ ఒకటి. అది లేనప్పుడు ఏడుపు, కొరకడం, వస్తువు విసరడం దాని స్థానంలోకి వస్తాయని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. ఇంగ్లీషులో ఆ పనికి ఒక గడి చాలు. తెలుగులో చాలదు. చాయ్ లేదు, ఇది చాయ్ కాదు, చాయ్ వద్దు. మొదటిది ఉనికిని, రెండవది తాదాత్మ్యాన్ని కాదంటే మూడవది ఇచ్ఛను చెబుతుంది. ‘నో’ గడికి ‘లేదు’ అని పేరు పెడితే, గ్లాసును తోసేస్తున్న పిల్లవాడి తరఫున యంత్రం ‘చాయ్ లేదు’ అంటుంది. విన్నవారు చాయ్ తెచ్చి పెడతారు. నిరాకరణ కోరికగా మారిపోతుంది.

పాతబస్తీ దక్కనీని ఈ పక్కన పెట్టి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ‘చాయ్ నై’ అంటే లేదు. ‘యే చాయ్ నై’ అంటే కాదు. ‘చాయ్ నక్కో’ అంటే వద్దు. ‘నక్కో’ మరాఠీనుంచి వచ్చిన మాట. దక్కనీలో దాని నడక ‘వద్దు’కు అద్దంలా ఉంటుంది. ‘మేరెకు నక్కో’ – నాకు వద్దు. ‘నక్కో జావ్’ – వెళ్ళవద్దు. తిరస్కారం, నిషేధం రెండూ ఒకే మాటలో ఇమడడం ఇక్కడి రెండు భాషల ఉమ్మడి లక్షణం. ప్రామాణిక ఉర్దూ ‘నహీఁ చాహియే’, ‘మత్’ అని వీటిని విడదీస్తుంది. కనుక ప్రామాణిక ఉర్దూనో హిందీనో ఎంచుకుంటే పాతబస్తీ పిల్లవాడి సమస్య తీరదు. ‘నహీఁ చాహియే’ అని పలికే యంత్రం అతడి ఇంట్లో ఎవరూ అనని మాట అంటుంది. వార్తలు చదివేవారు అతిథిగా వచ్చినట్టు ఉంటుంది.

ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం ఉచితంగా అందిస్తున్న ‘జెల్లో’ ఈ చిక్కును వేరే దారిన దాటింది. దాని తెరకు రెండు వైపులా ఇష్టం, అవును, ఇంకా వంటి ఆరు భావసూచక గడులుంటాయి. వస్తువు బొమ్మను, భావసూచికను కలిపి తాకితే ముందే కూర్చిన పూర్తి వాక్యం వినిపిస్తుంది. వాక్యం ముందే ఉన్నది కనుక వ్యాకరణదోషానికి అవకాశం తక్కువ. అదే దాని పరిమితి కూడా. పిల్లవాడు వాక్యాలనుంచి ఎంచుకోగలడు, కొత్తది కట్టలేడు. భాష నేర్చే వయసులో తప్పు చేసే హక్కు చిన్నదేమీ కాదు.

‘నేను కావాలి’

ఇంగ్లీషు మూసలో ‘ఐ’, ‘వాంట్’, ‘వాటర్’ అని మూడు గడులు. మాటకు మాట పెడితే ‘నేను’, ‘కావాలి’, ‘నీళ్ళు’. పిల్లవాడు నేర్పినట్టే వరుసగా తాకుతాడు. తెలుగు వినేవారి చెవికి ‘నేను కావాలి’ అంటే తనను ఎవరో కోరుకుంటున్నారని అర్థం. అనుకోకుండా పుట్టిన ఈ వాక్యాన్ని కవిత్వమని మెచ్చుకోవచ్చు, దాహంతో ఉన్నవాడికి మాత్రం అది అక్కరకు రాదు. తెలుగులో కోరేవాడు చతుర్థిలో ఉంటాడు: నాకు నీళ్ళు కావాలి. తెలంగాణ నోట అది ‘కావాలె’. దక్కనీలో ‘మేరెకు పానీ హోనా’. ఇక్కడ ‘హోనా’ అన్న ‘అవు’ అర్థక క్రియ కోరికను చెప్పడం తెలుగు ‘కావు–కావాలి’ బాటలోనిదే. ఈ విషయంలో ఉర్దూ ‘ముఝే’ కూడా వీటి పక్షమే. నాలుగు వందల ఏళ్ళ సహజీవనంలో రెండు భాషలు ఒకే కోరికను ఒకే అచ్చులో పోయడం నేర్చుకున్నాయి. పలకను సరిదిద్దడానికి ‘నేను’ గడి పక్కన ‘నాకు’ గడి చేర్చితే చాలు.

దీనిపై ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. మాట ఎలా పలికినా తల్లికి అర్థమవుతుంది కదా అని. నిజమే. కాని తల్లికి పలక లేకపోయినా అర్థమవుతుంది. యంత్రం అవసరమయ్యేది ఆటో డ్రైవరు దగ్గర, దుకాణదారు దగ్గర, కొత్త టీచరు దగ్గర, తల్లి పక్కన లేని ప్రతిచోటా. అక్కడ వింత వాక్యం పిల్లవాడి తెలివిమీదే అనుమానం పుట్టిస్తుంది. తప్పు పలక కూర్చినవారిది, నింద పిల్లవాడిది.

రెండవ ఆక్షేపణ బలమైనది. మాటే రాని బిడ్డకు రెండు భాషలెందుకు, ఒక్కటే, అదీ ఇంగ్లీషు, నేర్పితే సరిపోదా అన్నది. 2012లో హ్యాంబ్లీ, ఫోంబోన్ ప్రచురించిన అధ్యయనం ఆటిజం ఉన్న పిల్లల్లో రెండు భాషల వాతావరణం వల్ల అదనపు ఆలస్యం కనబడలేదని చూపింది. పలక వాడితే వచ్చే మాట కూడా రాదన్న భయానికీ ఇలాంటి జవాబే ఉంది. మిల్లర్, లైట్, ష్లాసర్ 2006లో చేసిన సమీక్షలో, పద్ధతిగా పరీక్షించిన 27 మందిలో 89 శాతం మందికి నోటిమాట కొంతైనా మెరుగుపడింది, ఎవరికీ తగ్గలేదు. ఒకే భాష అన్న సలహా పాటించిన ఇంట్లో జరిగేది మరొకటి. తల్లి తనకు సరిగా రాని ఇంగ్లీషులో నాలుగు మాటలకు పరిమితమవుతుంది. బిడ్డకు అందే భాషే తగ్గిపోతుంది.

దిశ, మర్యాద, గొంతు

పాతబస్తీలో చాలామంది పిల్లలు పొద్దున అరబ్బీ అక్షరాలను కుడినుంచి ఎడమకు చదివి, తరువాత బడిలో ఎడమనుంచి కుడికి రాస్తారు. ‘ముందు ఇది, తరువాత అది’ అని చెప్పే బొమ్మల పట్టీని ఎటునుంచి పేర్చాలన్నది అక్కడ తేలికగా తేల్చగలిగే విషయం కాదు. మర్యాద సంగతీ అంతే. ‘ప్లీజ్’కు విడి గడి ఇస్తారు గానీ తెలుగు మర్యాద ‘ఇవ్వు’, ‘ఇవ్వండి’ అనే క్రియారూపాల్లో ఉంటుంది. టీచరుతో ‘ఇవ్వు’ అన్న పిల్లవాడు పొగరుబోతుగా కనిపిస్తాడు.

గొంతు విషయం వేరు. యంత్రపు గొంతు నచ్చనప్పుడు ఇంట్లోవాళ్ళు తమ గొంతును నింపుకునే వీలు ఆవాజ్ వంటి ఆప్‌లలో ఉంది. తల్లి ‘నక్కో’ అని రికార్డు చేయవచ్చు. అప్పుడు ఇంటిమాట యంత్రంలోకి వస్తుంది. కాని తినమని బతిమాలే గొంతు, వద్దని మొండికేసే గొంతు రెండూ ఒకటే అవుతాయి. అదే ఈడు పక్కింటి పిల్లవాడితో చెప్పించి రికార్డు చేసుకోవడం దీనికి తేలికైన ఉపాయం.

అచ్చతెనుగు, ఇంటి తెలుగు

పొన్నికంటి తెలగన అచ్చతెనుగులో తొలి కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను అంకితమిచ్చింది అమీన్‌ఖానుకు. గోలకొండ నీడలో, కుతుబ్‌షాహీ కొలువుకు చెందిన అధికారి పేరిట, తత్సమాలను విడిచిపెట్టిన తెలుగు పుట్టింది. అది కవి తనకు తాను పెట్టుకున్న నియమం. తత్సమాలను విడవడమైనా, వాటినే వెతికి పెట్టడమైనా ఎంపిక రాసేవాడిదే. పిల్లవాడి పలకకు అలాంటి నియమం పెట్టే అధికారం మరొకరికి లేదు. ‘హెల్ప్’కు నిఘంటువు ఇచ్చే ‘సహాయం’ మూడేళ్ళ పిల్లల మాట కాదు. వాళ్ళు ‘తియ్యి’, ‘పట్టుకో’, ‘విప్పు’ అని పనినే అడుగుతారు. ‘ఫినిష్డ్’కు ‘సమాప్తం’ అని రాసిన గడి సినిమా తెరను గుర్తుచేస్తుంది, పిల్లవాడి మాట ‘అయిపోయింది’. పాతబస్తీ పలకలో ‘ఖతం’ కూడా తప్పు కాదు.

సరైన మాటలు ఎక్కడ దొరుకుతాయన్నదానికి తెలుగు పరిశోధనలోనే పూర్వోదాహరణ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది, చేనేత సంపుటం 1971లో. పరిశోధకులు రైతుల దగ్గరికి, నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట విని రాసుకున్నారు. పుస్తకాల్లోంచి ఏరలేదు. ఆ క్షేత్రపద్ధతినే మూడేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకు తీసుకువెళ్ళవచ్చు. యాకుత్‌పురాలోనో షాలిబండలోనో ఒక ఇంట్లో అన్నంవేళ అరగంట రికార్డు చేసి, మాటలు విడదీసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో, తెలుగు ఏదో దక్కనీ ఏదో లెక్క కట్టడం పరిశోధక విద్యార్థికి సాధ్యమైన పని. తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఇద్దరు కలిసి చేయవలసినది. వినవలసినవి ముందుగా కాదనే మాటలు: ‘లేదు’, ‘కాదు’, ‘వద్దు’, ‘నై’, ‘నక్కో’. వాటిలో పిల్లలు మొదట పలికేది ఏదో తెలిస్తే పలకమీద మొదటి గడి దానిది.