శాండీ ఎడమచెయ్యి

1769 సెప్టెంబరు 14న వర్జీనియా గెజెట్ పత్రికలో ఒక పరారీ ప్రకటన పడింది. అల్బెమార్ల్ కౌంటీలో శాండీ అనే బానిస పారిపోయాడు, పట్టి తెచ్చినవారికి బహుమానం. కింద పేరు థామస్ జెఫర్సన్. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. మనుషులంతా సమానంగా పుట్టారని అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాయడానికి ఇంకా ఏడేళ్లుంది. ఆ వైరుధ్యం మీద చాలామంది చాలా రాశారు. నన్ను ఆపేది ఆ పరారీ ప్రకటన రాసిన తీరు. అంతకుమించి, అందులోంచి బయటపడే శాండీ పనితనం.

అలాంటి ప్రకటనలు ఆనాటి పత్రికల్లో కొల్లలు. ఒంటిమీది బట్టల వివరాలే ఎన్నింటిలోనో కనిపిస్తాయి. జెఫర్సన్ బట్టల జోలికే పోలేదు. సుమారు 35 ఏళ్లు, పొట్టి, కాస్త బొద్దు, లేత రంగు అని గబగబా చెప్పేసి అసలు గుర్తు పట్టుకున్నాడు: బూట్లు కుట్టేవాడు, పనిలో ఎక్కువగా ఎడమచెయ్యే వాడతాడు. బట్టలు మార్చుకోవచ్చు, పేరూ మార్చుకోవచ్చు. చేతివాటం ఎక్కడికి పోతుంది? దారిన పోతుంటే అది ఎవరికీ తెలీదు. ఆరె పట్టుకుని తోలు ముందేసుకుని కూర్చుంటేనే తెలుస్తుంది. అంటే వల పన్నింది రోడ్ల మీద కాదు, బూట్లు కుట్టే కొట్ల దగ్గర. ఏ పని చేసుకుని బతుకుదామనుకున్నాడో ఆ పనే అతన్ని పట్టివ్వాలి. దుర్మార్గపు తెలివే, గురి మాత్రం తప్పలేదు.

ఇక శాండీ వైపు చూడండి. పనిముట్లు వెంట తీసుకెళ్లాడు. ఆవేశంలో గోడ దూకేవాడు పనిముట్లు సర్దుకోడు. ఆరె, రంపె, సుత్తి లాంటివి ఒక సంచిలో పడతాయి, ఏ ఊళ్లోనైనా కూడు పెడతాయి. ఒక తెల్లగుర్రాన్నీ తోలుకుపోయాడు. బండి పట్టీల రాపిడికి దాని ఒంటి నిండా మచ్చలు. ముందు దూరం దాటిస్తుంది, తర్వాత అమ్మితే చేతిలో నాలుగు డబ్బులుంటాయి. శాండీకి మోటు వడ్రంగం వచ్చు, గుర్రాల సంగతీ తెలుసు. తాగుబోతు, బూతులు తిడతాడు, జిత్తులమారి అని కూడా రాశాడు జెఫర్సన్. మొదటి రెండూ యజమాని కోపం కింద జమకట్టినా, జిత్తులమారి అన్నమాటను నేను మెప్పుగానే తీసుకుంటాను.

బహుమానం చూడండి: కౌంటీలోనే దొరికితే 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్లు. వర్జీనియా కాలనీలో మరెక్కడైనా అయితే 4. వేరే కాలనీ దాకా పోయుంటే 10. అంత దూరం పోగల సత్తా ఉన్నవాడని యజమానే లెక్కకట్టాడన్నమాట.

శాండీ చివరికి దొరికిపోయాడు. పని వచ్చిన బానిసకు ధర ఎక్కువ పలికే రోజులవి. 1773లో జెఫర్సన్ అతన్ని చార్ల్స్ లూయిస్ అనే ఆయనకు 100 పౌండ్లకు అమ్మేశాడు.